దించమన్న చెయ్యి

మా ఇంటి షోకేసులో నా ఉద్యోగం తాలూకు గుర్తులన్నీ ఉన్నాయి. వీడ్కోలు రోజున ఇచ్చిన గోడగడియారం, ఎవరో పిల్లలు తెచ్చిన నిర్మల్ కొయ్యబొమ్మల జత, ఏటేటా దిగిన గ్రూపు ఫోటోలు. ఒక్క ప్రశంసాపత్రం మాత్రం అందులో లేదు. అది బీరువాలో చీరల అడుగున బోర్లా పడి ఉంది. విద్యార్థుల మానసిక ఆరోగ్య కార్యక్రమం అమలులో మా కాలేజీది ప్రథమ స్థానమని దాని మీద బంగారు రంగు అక్షరాలుంటాయి. నా దగ్గర చదువుకుని ఇప్పుడు లెక్చరర్లయిన పిల్లలు అప్పుడప్పుడు చూడటానికి వస్తారు. "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేనిది ఒకటి చెప్పండి" అంటారు. ఇన్నాళ్ళూ ప్రాక్టికల్స్‌లో ట్రే మీది కప్ప లేచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు ఒళ్ళోకి గెంతిన కథ చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. అది మర్చిపోయినా నష్టం లేదు. మర్చిపోలేనిది వేరే ఉంది.

నేను జువాలజీ చెప్పేదాన్ని. మాది కరీంనగర్. చివరి ఆరేళ్ళు బెల్లంపల్లి అవతల ఒక ఊళ్ళో సర్కారు జూనియర్ కాలేజీలో పనిచేశాను. ఊరి పేరు వద్దు, మనుషుల పేర్లు అసలే వద్దు. ఒకప్పుడు అక్కడ బొగ్గుగనిలో షిఫ్టు దిగితే జనానికి రోడ్డు పట్టేది కాదట. నేను వెళ్ళేనాటికి క్వార్టర్లు సగం తాళాలతో ఉన్నాయి. మా కాలేజీకి వచ్చేది ఎక్కువగా కాంట్రాక్టు కూలీల పిల్లలే. నేను అక్కడే ఒక గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చి, ఆదివారం చర్చికి పోయి, సోమవారం పొద్దున్నే మళ్ళీ బయల్దేరేదాన్ని.

కరోనా తర్వాత కాలేజీ తెరిచారు. పిల్లలు వచ్చారు గాని, కొందరు సగమే వచ్చినట్టుండేది. బెంచీ మీద కూర్చునే ఉంటారు, పిలిస్తే పలకరు. అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. పిల్లలు దిగులులో కూరుకుపోకముందే ఆపడానికి ఇంటర్నెట్‌లో ఒక కార్యక్రమం తయారైంది, ప్రతి కాలేజీలో నడపాలి అని. మొత్తం ఆరు పాఠాలు, వారానికొకటి. పాఠం కాగానే తొమ్మిది ప్రశ్నలు. పిల్లలిచ్చే జవాబులను బట్టి పేరు పక్కన పచ్చ చుక్కో, పసుపు చుక్కో, ఎర్ర చుక్కో పడుతుంది. ఎర్ర చుక్క పడితే హైదరాబాద్ నుంచి కౌన్సిలర్ అదే రోజు ఫోన్ చేస్తారు. కాలేజీకి ఒకరు దీనికి బాధ్యులుగా ఉండాలి.

మా ప్రిన్సిపాల్ కామర్స్ మనిషి. మంచివాడు, మీటింగంటే మాత్రం చెమటలు పట్టేవి. నన్ను పిలిచి కాగితం చేతిలో పెట్టాడు.

"మేడం, గిది మీరే చూసుకోవాలె."

"నాదేమో జువాలజీ సార్. మనసు గురించి నాకేమెరుక?"

"జువాలజీ అంటే జీవుల గురించే గదా. మన పిల్లలు గూడ జీవులే. సంతకం పెట్టుండ్రి."

పెట్టాను. శిక్షణ ఒక్కరోజు. అందులో సగం పరిచయాలకు, భోజనాలకు పోయింది. శిక్షణ ఇచ్చిన అమ్మాయి మాత్రం పని తెలిసిన మనిషి. మా కంప్యూటర్‌లో మూడు పేజీలు కనిపిస్తాయని చెప్పింది. ఒకదాంట్లో చుక్కలు, ఒకదాంట్లో ఎంత శాతం పూర్తయిందో, మూడోదాంట్లో 'నా మాట'. పిల్లలు తమ మనసులోది టీచరుకు రాయాలనుకుంటే అక్కడ రాస్తారు. "అది మీకొక్కరికే కనిపిస్తుంది. దయచేసి రోజూ చూడండి" అని రెండుసార్లు చెప్పింది. నేను నోట్‌బుక్‌లో 'రోజూ చూడాలి' అని రాసుకుని కింద గీత కూడా గీశాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గీత చాలా నీటుగా ఉంది.

'నా మాట' పేజీ నేను ఒక్కరోజు కూడా తెరవలేదు. ఎందుకో చెప్తాను. రోజూ సాయంత్రం అయిదింటికి వాట్సాప్ గ్రూపులో కాలేజీల జాబితా వచ్చేది, ఎవరిది ఎంత శాతం అని. అడుగున ఉన్న కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఆరింటికల్లా ఫోన్. ఇక మాకు కనిపించేది శాతం పేజీ ఒక్కటే. నా దగ్గర చదువుకుని లెక్చరర్లయిన మీరూ సర్కారు కొలువులోనే ఉన్నారు కాబట్టి ఈ జబ్బు గురించి మీకు విడమరచి చెప్పనక్కర్లేదు.

కార్యక్రమం చెడ్డదేం కాదు, నిజానికి బాగానే చేశారు. తెర మీద గొడుగు పట్టుకుని ఒక బొమ్మ పిల్ల వచ్చి "మిత్రమా, నీలో కలిగిన ఆలోచనను ఒకసారి పరిశీలించు" అనేది. మావాళ్ళకు ఆ భాష వింటే ఒకటే నవ్వు. నెల రోజులు కాలేజీలో ఎవరు ఎదురైనా "మిత్రమా, టిఫిన్ తిన్నవా?" అనే పలకరింపు. నవ్వుతూనే నేర్చుకున్నారు కూడా. దిగులు పుట్టినప్పుడు లేచి నాలుగడుగులు నడవడం, నేను దేనికీ పనికిరాను అనిపిస్తే అది నిజమా అని తమను తామే అడగడం. ఇవేవీ మా చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు.

బైపీసీ మొదటి సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పని, నెలకోసారి వచ్చేవాడు. తల్లి కూరగాయల బజార్లో ఆకుకూరలు అమ్మేది. ఆ పిల్ల మాట తక్కువ, చెయ్యి చక్కన. కప్ప గుండె బొమ్మ వేస్తే నేను బోర్డు మీద వేసినదాని కంటే బాగుండేది. ఆ ఏడు శీతాకాలంలో ప్రాక్టికల్ రికార్డు ఇవ్వడం మానేసింది. తెప్పించి చూస్తే నాలుగు పేజీలు ఖాళీ. నేను ఎర్ర సిరాతో 'అసంపూర్తి' అని రాసి తిప్పి పంపాను.

కంప్యూటర్ ల్యాబులో కిటికీ పక్క సీటు ఆమెది. అందరూ లేచిపోయాక కూడా ఒక్క వేలితో ఏదో టైపు చేస్తూ ఉండేది. నేను తాళంచెవి ఆడిస్తూ తలుపు దగ్గర నిలబడేదాన్ని.

"ఇంకెంతసేపు బిడ్డా? తాళమెయ్యాలె."

"అయిపోయింది మేడం. ఒక్క లైను."

"పరీక్షలో గింత రాస్తే ర్యాంకు వచ్చు గదా" అని ఎగతాళి చేసేదాన్ని. ఆమె నవ్వి బ్యాగు తగిలించుకునేది. ఆ లైన్లు ఎవరికి రాస్తోందో అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నాలుగో పాఠం మంగళవారం జరిగింది. 'నీకు నమ్మకమున్న ఒక పెద్దమనిషికి నీ బాధ చెప్పు' అనేది ఆ వారం పాఠం. పాఠం అయింది, ప్రశ్నలు మొదలవ్వబోతుండగా ఇంటర్నెట్ పోయింది. రోడ్డు వెడల్పు చేస్తూ ఎక్కడో కేబుల్ తెంపారట. బుధ, గురువారాలు రాలేదు. ఫోన్ల సిగ్నలు వాట్సాప్ మెసేజీకి తప్ప దేనికీ చాలేది కాదు. శుక్రవారం సాయంత్రంతో గడువు. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ ఫోన్ పట్టుకుని స్టాఫ్‌రూముకే వచ్చేశాడు.

"మేడం, మనమే అడుగున ఉన్నం. నా బీపీ చూసుండ్రి ఎట్లున్నదో. ఏదన్న చెయ్యిండ్రి."

నాకొక ఉపాయం తట్టింది. ప్రశ్నలు నా ఫోన్‌లో ఉన్నాయి. పిల్లల పాస్‌వర్డులన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. క్లాసులో ప్రశ్నలు చదివి చేతులెత్తించి, హాజరు పట్టీ మీద గుర్తులు పెట్టుకుంటే, సాయంత్రం నెట్ రాగానే నేనే ఎక్కించేయొచ్చు. స్కాలర్‌షిప్పులకూ బస్సుపాసులకూ ఏళ్ళ తరబడి అలాగే చేశాం. ఏ కులం వాళ్ళు చెయ్యెత్తండి, ఎవరికి తండ్రి లేడు చెయ్యెత్తండి, ఇలా అన్నీ నలుగురి ముందే అడిగేవాళ్ళం. అది తప్పని ఎవరికీ తోచేది కాదు.

ఒక్కరికి తోచింది. ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్, నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది, వరండాలో నన్ను ఆపింది.

"మేడం, అందరి ముంగట అడుగుడు మంచిగుండదేమో. ఎవలన్న నిజం చెప్పాలంటె ఎట్ల చెప్తరు?"

"మరి నువ్వు తెస్తవా ఇంటర్నెట్?" అన్నాను. ఆమె కొలువు ఏటేటా రెన్యువల్ కావాలి, నాది పర్మనెంటు. ఆమె పక్కకు జరిగింది.

క్లాసులో నలభై మంది. మొదటి ప్రశ్న, ఏ పని మీదా మనసు పోకపోవడం. "అవును అన్నోళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. వెనక బెంచీలోంచి నలుగురు రెండేసి చేతులెత్తారు.

"జువాలజీ మీద అస్సలు పోతలేదు మేడం!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నిద్ర సరిగా పట్టడం లేదా అంటే, "మీ క్లాసుల పడుతది మేడం" అన్నారు. ఇలా ఎనిమిది ప్రశ్నలు పదినిమిషాల్లో అయిపోయాయి. ఎక్కడా గుర్తు పెట్టే పని పడలేదు. నాకు హాయిగా ఉంది.

తొమ్మిదోది చదివాను. బతికి ఏం లాభం అని ఈ రెండు వారాల్లో ఎప్పుడైనా అనిపించిందా?

కిటికీ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. పూర్తిగా కాదు, చెవి దాకా. కప్ప గుండె బొమ్మ వేసే చెయ్యి. ఒక్కొక్కరే అటు తిరిగారు. నవ్వు ఆగింది, మళ్ళీ ఎవరో కిసుక్కుమన్నారు. "గీమెకేమైందే?" అని ముందు బెంచీ పిల్ల గుసగుసలాడింది.

నాకు భయమేసింది. ఆ పిల్ల కోసం అని రాసుకుంటే బాగుంటుంది గాని, అబద్ధమవుతుంది. ఎర్ర చుక్క పడితే ఏమేం చెయ్యాలో గుర్తొచ్చి భయమేసింది. అదే రోజు నివేదిక, తల్లిదండ్రులను పిలిపించడం, పైవాళ్ళ ఫోన్లు, క్లాసులో చేతులెత్తించావా అన్న సంజాయిషీ. అప్పటికి మూడున్నర అయింది, అయిదింటికి జాబితా వస్తుంది.

"దించు" అన్నాను. "గిది నవ్వులాట గాదు. చెయ్యి దించు."

ఆమె నా వంక చూసింది. నేను నిజంగానే ఆ మాట అన్నానా అని చూసుకుంటున్నట్టుంది ఆ చూపు. తర్వాత దించింది.

సాయంత్రం నెట్ వచ్చింది. నలభై మందికీ 'లేదు, లేదు, లేదు' అని నేనే నొక్కాను. నలభై పచ్చ చుక్కలు పడ్డాయి. ఇంగ్లీషు మేడం నా వెనక నిలబడి చూసింది.

"ఆ అమ్మాయికి గూడ పచ్చనేనా మేడం?"

"ఆమె దించింది గదా" అన్నాను.

మర్నాడు శనివారం పొద్దున, వెనకబడిన కాలేజీలు తర్వాతి పాఠాలు వారం ఆగకుండా పెట్టుకోమన్నారు కాబట్టి, అయిదో పాఠం పెట్టాను. ఆ పిల్ల వచ్చింది, కూర్చుంది, అందరికంటే ముందే లేచి వెళ్ళిపోయింది. తాళం వేయడానికి నేను ఆగాల్సిన అవసరం రాలేదు. సోమవారం నుంచి కాలేజీకి రాలేదు. హాజరు పట్టీలో రోజూ పేరు పిలిచి గైర్హాజరు గుర్తు పెట్టాను. ఆమె రాని మొదటి రెండు వారాల్లోనే, అందరికంటే ముందు ఆరు పాఠాలూ ముగించామని మాకు సన్మానం జరిగింది. శాలువా కప్పి, ఆ ప్రశంసాపత్రం చేతికిచ్చారు. ప్రిన్సిపాల్ నా కంటే ఎక్కువ మురిసిపోయి, స్టాఫందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

మూడో వారం తల్లి వచ్చింది. సంచిలో పుంటికూర కట్టలు, కాళ్ళకు బజారు మట్టి. ల్యాబు గుమ్మం బయటే చెప్పులు విడిచింది.

"మేడం, నా బిడ్డ నోరిప్పుతలేదు. మంచం దిగుతలేదు. అన్నం బెడితే రెండు బుక్కలు తిని పక్కకు జరుపుతది. ఏమైంది బిడ్డా అంటే గోడ దిక్కు మర్లుతది. దర్గాకు తీస్కపోయిన, తాయత్తు కట్టిచ్చిన. ఏం ఫాయిదా లేదు."

"దవాఖానకు తీస్కపోయిండ్రా?"

"జరమైతే దవాఖాన. గిదేం రోగమో నాకేం ఎరుక?" ఆమె కంప్యూటర్ల వైపు చూసింది. "ఇంతకుముందు ఇంటికొచ్చి నాతోని చెప్తుండె మేడం, 'అవ్వా, ఇయ్యాల కంప్యూటర్ల మేడంకు రాసిన' అని. ఏం రాసిందో నాకు సదువు రాదాయె. జర సదివి చెప్పుండ్రి. దాని కడుపుల ఏమున్నదో ఎరుకైతే నేనేదన్న జేసుకుంట."

'నా మాట' పేజీని అప్పుడు మొదటిసారి తెరిచాను. అందులో ఒక్క పేరే ఉంది. ఆమె నా భుజం పక్కన నిలబడి, చదవరాని ఆ అక్షరాలనే కళ్ళార్పకుండా చూస్తోంది.

మొదటి వారం ఇలా ఉంది: 'మేడం, మీకు రాయొచ్చంట. నిజంగ మీరు చూస్తరా?' రెండో వారం: 'నిద్ర పడుతలేదు మేడం. బొమ్మలు వెయ్యబుద్ధి అయితలేదు. రికార్డు గందుకే ఇయ్యలేదు.' మూడో వారం: 'అవ్వకు చెప్తే పరేషాన్ అయితది. గందుకే మీకు రాస్తున్న.' నాలుగో వారం, నెట్ పోకముందు రాసింది: 'మీరు చూస్తలేరేమో. పని ఎక్కువ ఉంటది మీకు. పర్వాలేదు మేడం.'

ఆఖరుది ఆ శనివారం, పాఠం నడుస్తుండగానే రాసింది. 'నమ్మకమున్న పెద్దమనిషికి చెప్పాలె అని పాఠంల ఉండె. నాకు మీరే యాదికొచ్చిండ్రు. గందుకే నిన్న చెయ్యెత్తిన. మీరు దించుమన్నరు. దించిన. ఇగ రాయను మేడం.'

హైదరాబాద్‌లో తయారైన ఆ బొమ్మ పిల్ల పాఠాలు సరిగ్గా పని చేశాయి. అది ఏం చెయ్యమందో ఈ పిల్ల అదే చేసింది. నా దగ్గరికి వచ్చేసరికి అంతా ఆగిపోయింది.

"ఏమున్నది మేడం?" అంది తల్లి.

మొదటిది చదివాను. రెండోదాంట్లోంచి బొమ్మల మాట చదివాను. మూడోది చదివితే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా మీద గింత ఫికర్ ఉన్నదా దానికి" అంది. నాలుగోది, అయిదోది చదవలేదు. వాటికి బదులు, "మంచిగ సదువుకుంట అని రాసిందమ్మా" అన్నాను. ఆ మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

"గంత మంచిగ రాసిన పిల్ల గట్లెందుకైంది మేడం?"

"మంచిర్యాల పెద్దాసుపత్రిల గీటికి డాక్టరుంటడు, తీస్కపోండ్రి."

"గది పిచ్చోళ్ళ డాక్టరు గదా?"

కాదని చెప్పాను. గట్టిగా చెప్పలేకపోయాను. నేను వెంట వస్తాను పదమ్మా అని ఉంటే ఆమె వచ్చేదే. కానీ అలా వెళ్తే అక్కడ డాక్టరు అడుగుతాడు, నేను చెయ్యి దించమన్నది పిల్ల చెప్తుంది. చుక్కను ఎరుపు చెయ్యడానికి పైవాళ్ళకు ఒక అర్జీ చాలు, కౌన్సిలర్ ఆ రోజే ఫోన్ చేసేది. ఆ అర్జీలో నేనేం చేశానో రాయాలి. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలున్నాయి. రాయలేదు. ఆమె పోతూ నాకు రెండు పుంటికూర కట్టలిచ్చింది, బిడ్డ రాసింది చదివి పెట్టినందుకు. వాటిని ఇంటికి తెచ్చి పప్పులో వేసి వండాను, తిన్నాను కూడా.

ఆ పిల్ల పరీక్షలు రాయలేదు. వేసవిలో వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి మహారాష్ట్ర దిక్కు, మేనమామ ఉండే ఊరికి పోయారు. రిటైరయ్యాక నేను వెతికాను. అప్పటికి ఆ ఫోన్ నంబరు ఇంకెవరిదో అయింది. ఇప్పుడు ఎలా ఉందో తెలియదు. మా చర్చిలో ఆదివారం అందరం కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చేస్తాం. గుంపుతో కలిసి ఒప్పుకోవడం చాలా సులువు, ఏది ఎవరిదో తెలియదు. అందుకే ఇది విడిగా రాస్తున్నాను. మీకు పాస్‌వర్డులిస్తారు, శాతాలు అడుగుతారు, శాలువాలూ కప్పుతారు. వాటి గురించి నేనేం చెప్పినా మీరు వినరు, నేనూ వినలేదు. ఒక పిల్ల చెయ్యి ఎత్తితే మాత్రం, మూడున్నరయినా సరే, క్లాసు ఆపి ఆ పిల్ల దగ్గరికి నడవండి.

వాళ్ళు ఊరు విడిచేముందు ఒకసారి తల్లి కనిపించింది. బజార్లో ఆకుకూరల ముందు కూర్చుని నీళ్ళు చల్లుకుంటోంది. తప్పించుకుందామనుకున్నాను గాని, ఆమే పిలిచింది.

"మేడం, మీరు సదివిన మాటలన్ని ఇంటికి పోయి బిడ్డకు చెప్పిన. మేడం అన్ని చూసిందే, నువ్వు మంచిగ రాసినవన్నది అన్న. గోడ దిక్కు పండుకున్నదల్ల లేసి కూసున్నది మేడం. ఎన్ని దినాలకో నా మొకం చూసింది. 'గంతేనా సదివింది?' అన్నది."

"మీరేమన్నరు?"

"గంతే బిడ్డా అన్న. మల్ల పండుకున్నది. గప్పటిసంది ఒక్క మాట లేదు." ఆమె చేతిలోని కట్ట పక్కన పెట్టి నా వంక తేరిపార చూసింది. "ఇంకేమన్న ఉండెనా మేడం?"

చుట్టూ బజారు. ఆమె తల ఎత్తుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"లేదమ్మా, గంతే" అన్నాను.

ఆమె తల ఊపి, నేను అడగకపోయినా నా సంచిలో ఒక పుంటికూర కట్ట వేసింది.